నిచ్చెనక్క చదివిన పెదవులు

ఆ మిల్లులో ఎవరినీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. నాలుగు వందల మరమగ్గాలు ఒక్కపెట్టున కొట్టుకుంటుంటే ఎవరి పేరు ఎవరి చెవిన పడుతుంది? అందుకే మనిషికో సైగ ఉండేది. మీసం దువ్వినట్టు చెయ్యి తిప్పితే మేస్త్రీ. రెండు వేళ్ల మధ్య జిగురు సాగదీసినట్టు చూపిస్తే పడుగులకు గంజి పట్టించే తాత. అరచెయ్యి తల మీదికి ఎత్తి, అదీ చాలక మునివేళ్ల మీద లేచి నిలబడితే ఆమె. షెడ్డులో అందరికంటే జానెడు పొడుగు. సైగలోంచి పేరు పుట్టి, నిచ్చెనక్క అయింది.

యుద్ధం మొదలైన రెండో ఏడు ఆమె భర్తను పటాలంలోకి తీసుకుపోయారు. ఆయన నడిపే మగ్గాల జత ఖాళీగా నిలబడింది. గుడారాలకు బట్ట కావాలి, గాయాలకు బట్ట కావాలి, శవాలకు బట్ట కావాలి. మిల్లు ఆగడానికి వీల్లేదన్నారు. మొగుళ్ల మగ్గాల దగ్గర పెళ్లాలను తెచ్చి నిలబెట్టారు. అలా వచ్చిన నూట నలభై మంది ఆడవాళ్లలో ఆమె ఒకతె.

పని నేర్పింది మేస్త్రీ. భర్తకు స్వయానా తమ్ముడు. మగ్గాలు బాగుచేసే చెయ్యి కాబట్టి అతణ్ని యుద్ధానికి పంపలేదు.

"చెవులు ఇంట్లో వదిలేసి రా వదినా, ఇక్కడ వాటితో పనేం లేదు" అన్నాడు మొదటి రోజు గేటు దగ్గర. "కళ్లతో వినాలి. నా నోరు చూడు."

పెదవులు చదవడం అతనే నేర్పాడు. ప, బ, మ మూడింటికీ పెదవి ఒక్కలాగే మూసుకుంటుందనీ, తేడా కళ్లలో వెతుక్కోవాలనీ చెప్పాడు. మిల్లు మనుషులు మాటను గొంతుతో కాకుండా మొహమంతటితో అంటారు. పెదవులను సాగదీసి, విరిచి, చుట్టి, మాటను పువ్వు విప్పినట్టు విప్పుతారు. ఎవరికీ తెలియకూడని మాటైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. షెడ్డులో గుసగుస అంటే అదే. ఆరు నెలలకు నిచ్చెనక్క ముప్పై మగ్గాల అవతల ఎవరు ఎవరిని తిట్టుకుంటున్నారో చెప్పగలిగేది. ఏడాదికి షెడ్డులో ఆమె కంటిని మించిన కన్ను లేదు.

మూడో ఏటికి మగ్గాలు ఆమె వెంట ఇంటిదాకా రావడం మొదలుపెట్టాయి. పడుకున్నా చెవుల్లో అదే దడదడ. తర్వాత ఒక ఉదయం అదీ ఆగిపోయింది. కిటికీ చువ్వ మీద పిచ్చుక నోరు తెరుస్తోంది, మూస్తోంది. చాలాసేపు చూసింది ఆమె. పిచ్చుకకు ఏదో జబ్బు చేసిందనుకుంది.

ఇంట్లో ఉండేది ఆమె, అత్త. అత్తకు కళ్లు పోయి పదేళ్లు.

"నీకు నేను వినపడను, నాకు నువ్వు కనపడవు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషవుతాం. కుట్టే దర్జీ ఏడీ?" అనేది ముసలామె. ఏదైనా చెప్పాలంటే ముందు చెయ్యి చాచి, తడుముకుంటూ కోడలి గడ్డం పట్టుకుని, మొహం తనవైపు ఉందని తేల్చుకుని అప్పుడు మాట్లాడేది. పళ్లూడిన నోరు చదవడం కష్టమే. అయినా ఆ ముడతల్లో మాటలు ఏరుకోవడం నిచ్చెనక్క నేర్చుకుంది.

భర్త చనిపోయిన సంగతి ఆమెకు ఉత్తరం చెప్పలేదు. వీధి ఆ చివర పోస్టుమాను సైకిలు ఆపి కొట్టువాడితో అంటున్నాడు: "ఆ గుడ్డి ముసలామెకు కొడుకు పోయాడని ఎట్లా చెప్పేదిరా బాబూ." అరవై అడుగుల దూరం నుంచి, గడపలో నిలబడి, ఎవరి మాటో చదువుతున్నట్టే చదివింది. పోస్టుమాను గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆమె చెయ్యి చాచి ఉంది.

*

యుద్ధం అయిపోయింది. గెలిచామన్నారు. వెళ్లినవాళ్లలో మిగిలినవాళ్లు తిరిగొచ్చారు. వచ్చినవాడి పని వాడికి ఇచ్చెయ్యాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. రానివాడి పని వచ్చిన వేరొకడికి పోతుంది. మిల్లు యజమాని ఇదే అదను అనుకుని మనిషికి రెండు మగ్గాల బదులు నాలుగు అన్నాడు. అంటే ఆడవాళ్లు అందరూ పోగా, మగవాళ్లలో సగం కూడా పోవాలి. కూలీలు సమ్మె కట్టారు, మిల్లు ఆగింది. యుద్ధమంతా ఒక్క పూటైనా ఆగని మగ్గాలు శాంతి వచ్చిన నాలుగో నెలలో నిలిచిపోయాయి.

అప్పుడు వచ్చాడు రాజీ అధికారి. అందరూ రాజీ సారు అనేవారు. మెత్తటి మనిషి. చేతికర్ర లేదు, వెంట పోలీసులు లేరు. రాజధాని నుంచి బండిలో ఒక గుండ్రబల్ల మాత్రం తెప్పించుకున్నాడు. బల్లకు తల వైపు, కాళ్ల వైపు అంటూ ఉండకూడదనీ, అందరూ సమానంగా కూర్చోవాలనీ ప్రభుత్వం కొత్తగా పెట్టిన పద్ధతి. గోడల మీద కాగితాలు అంటించారు: యుద్ధాన్ని గెలిచాం, శాంతినీ గెలుద్దాం. కాగితం మీద ఒక కూలీ, ఒక యజమాని చేతులు కలుపుకుంటున్నారు. ఇద్దరికీ ఒకే మొహం గీశాడు బొమ్మ వేసినవాడు.

మొదటి రోజు ఆడవాళ్ల తరఫున సాక్ష్యం చెప్పడానికి నిచ్చెనక్కను పిలిచారు. గాజు తలుపు అవతల రాజీ సారు తన గుమాస్తాతో ఏదో అని లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే ఆమె అంది:

"నేను గొడవ మనిషిని కాను సారూ. పొడుగ్గా ఉన్నానంతే."

రాజీ సారు ఆగిపోయాడు. తలుపు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అరంగుళం మందం గాజు. ఆ తర్వాత ఆయన ఆమెను సాక్ష్యం ఏమీ అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం కబురు పెట్టి, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ప్రతి మాటనూ నిండుగా, నెమ్మదిగా పలికాడు. పెదవులు చదివేవాళ్లతో ఎలా మాట్లాడాలో ఒక్క రోజులో కనిపెట్టేశాడు.

"మా వాళ్లెవరూ నీ అంత తెలివైనవాళ్లు కాదమ్మా. కూలీల ప్రతినిధులు బల్ల దగ్గర నోరు కదుపుతారు, చప్పుడు రాదు. మేం బొమ్మల్లా కూర్చుంటాం. వాళ్లు ఎంతవరకు దిగుతారో తెలిస్తే నేను అక్కడే బేరం తెంపేస్తాను. ఎవరికీ నష్టం లేదు. నడిమి చోటు ఎక్కడుందో తెలియాలి, అంతే."

"మావాళ్లు సారూ వాళ్లు."

"అందుకే అడుగుతున్నా. ఆరు వారాలైంది, మీ వీధిలో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి? తొందరగా తేలితే వాళ్లకే కదా మంచిది?" కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నీ జత మగ్గాలు నీ పేరునే ఉంచేలా ఉత్తర్వు రాయిస్తాను. ఏ సైనికుడు వచ్చినా నిన్ను కదపలేడు. లేకపోతే ఈ చెవులతో నిన్ను బయట ఎవరు పెట్టుకుంటారు చెప్పు? గిన్నెలు కడిగే చోట కూడా పిలిస్తే పలికేదాన్నే అడుగుతారు."

ఆమె ఇంటికి వచ్చి రెండు రోజులు గడప దాటలేదు. మూడో రోజు అత్త నీళ్లడిగి, గ్లాసు అందుకోబోయి, గ్లాసు బదులు కోడలి మణికట్టు పట్టుకుంది. దాని చుట్టూ వేళ్లు చుట్టి చూసుకుంది. వేళ్లు కలిసిపోయి ఒకదాని మీదికొకటి ఎక్కాయి. మర్నాడు నిచ్చెనక్క గుండ్రబల్ల దగ్గర నీళ్ల కూజా పట్టుకుని నిలబడింది.

*

మేస్త్రీ ఎగిరి గంతేశాడు.

"అదృష్టం అంటే ఇదే. ఆ దొరలు మూల నిలబడి గుసగుసలాడతారు చూడు, నువ్వు చదివి నాకు చెప్పు వదినా. వాళ్ల కొంపలో మన కన్ను!"

బల్ల దగ్గర కూలీల తరఫున ముగ్గురు. మేస్త్రీ, బట్ట బేళ్లు కట్టే బండోడు, గంజి తాత. ముగ్గురూ షెడ్డులో పుట్టి పెరిగినట్టే ఉంటారు. అక్కడ రహస్యమైతే చేత్తో నోరు మూసుకునేవాళ్లు ఇక్కడ ఆ పని చెయ్యలేదు. చప్పుడు లేని గది చూసి, చప్పుడు లేని మాట ఎవరికీ అందదనుకున్నారు. చుట్టూ ఉన్నది చెవులున్న మనుషులు. ఉన్న ఒక్క కన్నూ తమదేననుకున్నారు.

మొదటి వారం మేస్త్రీ పెదవులు అన్నాయి: "నాలుగు కాదు, రెండూ కాదు. మూడుకు ఒప్పుకుందాం." నిచ్చెనక్క కూజా నింపుకు రావడానికి గుమాస్తా కూర్చునే పక్కగదిలోకి వెళ్లింది. కాసేపటికి రాజీ సారు గుమాస్తా తెచ్చిచ్చిన ఫైలు తిరగేసి, గొంతు సవరించుకుని, మధ్యే మార్గంగా మూడు మగ్గాలైతే ఎలా ఉంటుందన్నాడు.

రెండో వారం బండోడి పెదవులు అన్నాయి: "శనివారం దాటితే జనాన్ని ఆపలేం. మావాడు ఆకలికి గోడ సున్నం నాకుతున్నాడు." ఆమె కూజా నింపుకొచ్చింది. రాజీ సారుకు ఆ రోజే జలుబు చేసింది. తర్వాతి సమావేశం బుధవారానికి వాయిదా పడింది. ఆ నాలుగు రోజుల్లో వీధిలో రెండు చిన్న శవాలు లేచాయి. ఒకటి బండోడి ఇంట్లోంచి.

మేస్త్రీ అడిగినప్పుడల్లా రాజీ సారు చెప్పమన్నదే చెప్పింది. దొరలు భయపడుతున్నారు, ఇంకాస్త ఆగండి.

మన మనసులో మాట వాళ్ల నోట్లోకి ఎలా వెళుతోందని బండోడు మొదటిసారి అడిగింది కొడుకును పూడ్చి వచ్చిన రోజే. ఆలోచిస్తే ఒక్కటే కనిపించింది. గంజి తాతకు ముసలితనపు ఇబ్బంది, గంటకోసారి బయటికి వెళ్లాలి. ప్రతి సమావేశంలో లేస్తాడు, పంచె సర్దుకుంటూ వస్తాడు. ఇన్నాళ్లూ దాని మీద జోకులు వేశారు. "తాతా, ప్రభుత్వానికి నువ్వు పోసే పన్ను ఎక్కువైంది" అని బండోడే నవ్వించేవాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

మేస్త్రీ ఆమెను పక్కకు తీసుకెళ్లాడు. "వదినా, నువ్వు పక్కగదికి వెళ్లొస్తుంటావు. తాత ఎవరితోనన్నా మాట్లాడటం చూశావా?"

ఆమె కూజా ఒకటి నిండేంతసేపు అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. "నేను చూసుకోలేదు" అంది చివరికి. కానీ మేస్త్రీకి కావలసిన జవాబు ఆ కాసేపట్లోనే దొరికిపోయింది.

తాతను ఇంటి దగ్గర నుంచి మిల్లు వెనక పెరట్లోకి ఈడ్చుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం. గంజి తొట్టి రెండు నెలలుగా కదిపినవాడు లేక పుల్లబడి, పైన పచ్చటి మీగడ కట్టి ఉంది. ముప్పై ఏళ్లు ఆ తొట్టి మీద వంగి పనిచేసిన మనిషి తలను అందులోకే వంచారు. ఎత్తారు, వంచారు. మేస్త్రీ మెడ పట్టుకున్నాడు, బండోడు కాళ్లు పట్టుకున్నాడు. చుట్టూ రెండు వందల మంది అరుస్తున్నారు. ఆ అరుపుల్లో తాత గొంతు ఎవరికీ వినపడలేదు.

నిచ్చెనక్కకు అరుపులు లేవు. ఆమెకు ఉన్నవల్లా తాత పెదవులు. గంజి కారుతున్న మొహంలో అవి ఎంత శుభ్రంగా కదిలాయంటే, పసిపిల్లకు మాటలు నేర్పినట్టు ప్రతి అక్షరం విడివిడిగా కనిపించింది. నేను కాదు. నేను కాదురా నాయనా. తర్వాత జనం తలల మీదుగా అంత పొడుగున ఉన్న ఆమె మొహం కనిపించింది ఆయనకు. షెడ్డులో అందరికంటే బాగా చదివేది ఆమేనని ఆయనకు తెలుసు. అరవడం మానేసి, చప్పుడు లేకుండా ఆమెకు మాత్రమే అన్నాడు: "నీకు వినపడుతోంది కదమ్మా. నువ్వైనా చెప్పు."

ఆమె చూపు దించుకుంది. చూపు దించుకుంటే చాలు, లోకంలో ఎవరూ మాట్లాడరు.

కుళ్లిన గంజి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, తాత ఎనిమిదో రోజు పోయాడు.

*

చివరి సమావేశానికి అన్నీ తేలిపోయాయి, ఆడవాళ్ల సంగతి తప్ప. ఆ ఉదయం రాజీ సారు పక్కగదిలో ఆమెతో మనసు విప్పి మాట్లాడాడు. ఆయనకు ఆమె దగ్గర దాపరికం పోయింది. కుర్చీతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

"సాయంత్రానికి సంతకాలు కావాలని రాజధాని నుంచి ఒత్తిడి. ఆడవాళ్ల విషయంలో వాళ్లు గట్టిగా పట్టుబడితే నేనే తగ్గాలి. నూట నలభై మందినీ ఉంచాల్సిందే. పట్టుబడతారో లేదో చూసి చెప్పు."

ఆమె బల్ల దగ్గరికి వచ్చి నీళ్లు పోసింది. తర్వాత వీపు తిప్పి అద్దాల బీరువా దగ్గర గ్లాసులు తుడుస్తూ నిలబడింది. ఫైళ్ల నలుపు మీద గాజులో ఇద్దరి మొహాలూ తేటగా తేలుతున్నాయి.

"ఆడాళ్ల సంగతేంటి?" అన్నాయి బండోడి పెదవులు.

"వదిలేద్దాం. మూడు మగ్గాలు, మగాళ్లలో ఒక్కణ్నీ తియ్యకూడదు. ఇంతకంటే రాదు."

"మరి మీ వదిన?"

మేస్త్రీ ఆమె వీపు వైపు చూశాడు. "ఆవిడదేముందిరా, మొగుడు పోయాడు, చెవులు పోయాయి. ఇంట్లో మా అమ్మను చూసుకుంటూ పడుంటుంది. ఎవరో ఒకళ్లు పోవాలిగా."

ఆమె గ్లాసు తుడవడం పూర్తిచేసి కింద పెట్టింది. రాజీ సారు ఎదురుచూస్తున్న పక్కగదికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఆమెకు నూట నలభై మంది సైగలూ గుర్తొచ్చాయి. జడ తిప్పే సైగ, మెల్లకన్ను సైగ, తుమ్ము సైగ, ఎప్పుడూ గర్భంతో ఉండేదాని పొట్ట సైగ. పట్టుబడతారు సారూ అంటే చాలు. అది అబద్ధమని తేల్చే దిక్కు కూడా లేదు. అద్దంలో మేస్త్రీ పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి కళ్ల ముందు. ఎవరో ఒకళ్లు పోవాలిగా.

"వదిలేస్తారు" అంది.

రాజీ సారు ఆమె భుజం తట్టాడు.

*

సంతకాలయ్యాయి. ఫొటో తీశారు. గోడ మీది బొమ్మలాగే చేతులు కలిపారు. ఆ జిల్లాలో తుపాకీ పేలకుండా ముగిసిన మొదటి సమ్మె అదేనని రాజీ సారుకు పైనుంచి మెచ్చుకోలు వచ్చింది.

సారు మాట తప్పే మనిషి కాదు. ఉత్తర్వును గేటుకు అంటించారు. తొలగించిన ఆడవాళ్ల పేర్లు నూట ముప్పై తొమ్మిది. కింద ఒక గీత, గీత కింద ఒక్క పేరు: ప్రభుత్వ సిఫారసు మీద కొనసాగింపు. షెడ్డులో ఎవరూ ఎప్పుడూ పిలవని ఆమె అసలు పేరు. అది ఎవరిదో పోల్చుకోవడానికి జనానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఒకామె అరచెయ్యి తల మీదికి ఎత్తి, మునివేళ్ల మీద లేచి చూపించింది. ఇంకొకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే అంది, అందరూ చూసేలా: "గంజి తాత."

సోమవారం ఆమె మగ్గాల దగ్గరికి వెళ్లింది. నాలుగు వందల మగ్గాలు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా, కలలోలాగా. ఇదివరకు ఆ షెడ్డు ఆమెకు పెదవులతో నిండి ఉండేది, గాలికి ఆకులు కదిలే తోటలా. ఇవాళ మగవాళ్లందరూ కళ్ల కింది దాకా గుడ్డలు కట్టుకున్నారు. దూదిపొడికి కట్టుకున్నారేమో అనుకుంది మొదట. ఆమె అటు తిరిగితే గుడ్డలు పైకి జరిగాయి. ఇటు తిరిగితే అటు కిందికి దిగాయి. మీసం దువ్వినట్టు చెయ్యి తిప్పి మేస్త్రీని పిలిచింది. అతను చూశాడు. ఆ చూపులో తాత మెడ పట్టుకున్న తన చేతులు కూడా ఉన్నాయి. గుడ్డ ముడి ఇంకాస్త బిగించుకున్నాడు.

మూడో రోజు పక్క మగ్గంలోంచి, పోగు మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరింది. ఇనుప ముక్కుల కొయ్య, జానెడు పొడుగు. అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చేతులూపి హెచ్చరించాలి, అది షెడ్డు మర్యాద. అందరూ పక్కకు వంగారు. ఆమెకు చెప్పేవారు లేరు. అది చెవి పక్కనుంచి దూసుకుపోయి సగం తమ్మెను తెంపుకెళ్లింది. ఎవరో గుడ్డ వెనక నవ్వారు. గుడ్డ కదిలిన తీరు చూస్తే తెలిసింది.

ఇంటికి వస్తే అత్త గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. వీధి వచ్చి ఆమెకు అంతా చెప్పిపోయింది. ముసలామె గొంతు కదులుతోంది, భుజాలు ఊగుతున్నాయి, ఏదో అంటూనే ఉంది. నిచ్చెనక్క ముందుకు వెళ్లి కూర్చుంటే చెయ్యి చాచి తడిమి, గడ్డం దొరకగానే తోసేసి, మళ్లీ గోడ వైపు తిరిగింది.

పదకొండు రోజులు. మొగుడు నడిపిన ఆ మగ్గాల జత ఆమె పేరునే ఉంది, ఎవరూ కదపలేదు. పదకొండు రోజుల్లో ఒక్క మనిషి ఒక్క మాట ఆమెకు చూపించలేదు.

పన్నెండో రోజు పోస్టుమాను గడపలో కవరు వేసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ప్రభుత్వ ముద్ర. రేవు పట్నంలో రంగుల మిల్లు ఆగిపోయిందనీ, గుండ్రబల్ల అక్కడికి చేరుకుందనీ, ఇష్టమైతే రావచ్చనీ రాజీ సారు స్వహస్తాలతో రాశాడు.

ఆమె మర్నాడు మధ్యాహ్నానికి రేవు పట్నంలో ఆయన ఆఫీసు చేరింది. చెవికి ఇంకా కట్టు ఉంది. రాజీ సారు బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి, లేచి వచ్చి, కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడ్డాడు. ఆమెతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అలాగే నిలబడేవాడు.

"భోంచేశావా అమ్మా?" అన్నాడు.

నిండుగా, విడివిడిగా, వెలుతురులో. ఆమె ఆ పెదవుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోసారి అనండి సారూ" అంది.

అర్థం కాలేదేమో అనుకుని ఆయన మరింత నెమ్మదిగా మళ్లీ అన్నాడు. తర్వాత కూజా ఎక్కడుందో చూపించాడు.